పక్క రాష్ట్రంలో వాయిదా

పాత సోఫాలకు కొత్త బట్ట తొడిగే కొట్టులో ఆమె కుట్టుపని చేసేది. మందపాటి గుడ్డలోంచి సూది లాగి లాగి వేళ్లు కాయలు కాచాయి. అందరూ సోఫాలమ్మ అని పిలిచేవారు. విడాకులప్పుడు ఊళ్లోని కోర్టు ఆమెకు నెలనెలా భరణం ఇమ్మని తీర్పిచ్చింది. తర్వాత భర్త పక్క రాష్ట్రానికి వెళ్లి పడవల మరమ్మతు పనిలో కుదిరాడు.

ఒకరోజు అక్కడి కోర్టు నుంచి నోటీసు వచ్చింది. భరణం తగ్గించమని అతను అడిగాడట. ఆ కాగితం పట్టుకుని ఆమె వదిన ఇంటికి పరిగెత్తింది.

"అక్కడ నా మాట ఎవరు వింటారు వదినా?" అంది. వదినంటే ఆ భర్తకు సొంత అక్కే. విడాకులతో ఈ వరస మాత్రం తెగలేదు.

"వాడు అక్కడుంటే కోర్టు వాడిదైపోతుందా? పద, నేనూ వస్తా."

బస్సులో సోఫాలమ్మ ఇంటద్దె సంగతి, మోకాలి నొప్పి సంగతి వల్లె వేసుకుంటూనే ఉంది.

"జడ్జిగారికి మోకాలు కూడా చూపిస్తావా ఏంటి?" అంది వదిన. ఆమెకు నవ్వు రాలేదు.

కోర్టులో అతని వకీలు చాలాసేపు మాట్లాడాడు. జడ్జిగారు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, పాత తీర్పు తిరగేసి తలెత్తారు.

"ఈ భరణం ఇచ్చింది ఆ రాష్ట్రం కోర్టు. పెంచాలన్నా తగ్గించాలన్నా అక్కడే అడగాలి. ఈయన ఎగ్గొడితే ఇప్పించడం వరకే నా పని."

"మా క్లయింటు ఇక్కడే ఉంటున్నారు మేడమ్."

"కాపురం మార్చింది ఆయన. తీర్పు కాదు."

సోఫాలమ్మ లేచి నిలబడింది. "అయితే నేనేం చెప్పక్కర్లేదా అండీ?"

"అక్కర్లేదమ్మా, వెళ్లి రండి."

బయట మెట్ల మీద అతను ఎదురయ్యాడు. జుట్టు బాగా నెరిసింది. "పని తగ్గిపోయిందక్కా, అందుకే..." అని నసిగాడు.

వదిన నోరు తెరిచేలోగా సోఫాలమ్మే అందుకుంది. "ఆ మాట మన ఊరి కోర్టులో చెప్పు. నేనూ వింటాను."

అతను తలూపి పక్కకు తప్పుకున్నాడు. రేపు అక్కడా అర్జీ పెడతాడేమో. పెట్టనీ, ఆ కోర్టుకు ఆమె నడిచి వెళ్లగలదు.

తిరుగు బస్సులో వదిన కొన్న అరటిపళ్లన్నీ ఆమే తినేసి, వదిన భుజం మీద వాలి గుర్రు పెట్టింది. బస్సు ఆగాక కూడా, అందరూ దిగేదాకా వదిన ఆమెను లేపలేదు.