రాజక్కను ఇంటర్వ్యూ చేసిన రోజు

మహబూబాబాద్‌లో మా ఇంటికి వెళ్లే దారిలో ఒక ఎరువుల దుకాణం ఉంది. తొలకరి రోజుల్లో అక్కడ లారీ నుంచి బస్తాలు దింపుతుంటే ఆ ఘాటు వాసన వీధంతా పరుచుకుంటుంది. అందరూ ముక్కు మూసుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం నడక తగ్గిస్తాను. జనగామలో రాజక్క ఆఫీసు ఇలాంటి దుకాణం మీది అంతస్తులోనే ఉండేది. నా మొదటి ఉద్యోగమంతా ఆ వాసనలోనే గడిచింది.

రాజక్క పూర్తి పేరు రాజమణి. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చాలాకాలం పనిచేసి, సొంతంగా ఏదైనా చేయాలని జనగామకు తిరిగివచ్చింది. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో నడిచే సర్వర్లను, నెట్‌వర్కులను దూరం నుంచి కనిపెట్టి ఉండడం ఆమె కంపెనీ పని. ఏ యంత్రం మందగించినా, ఏది ఆగిపోయేలా ఉన్నా ముందే పసిగట్టి హెచ్చరించే ప్రోగ్రాములు రాయాలి. ఫోనులో ఎవరితో మాట్లాడినా రాజక్క అవతలి గట్టు మీద ఉన్నవాళ్లను పిలిచినట్టే మాట్లాడేది. కింద ఎరువులు కొనడానికి వచ్చిన రైతులు తలెత్తి చూసేవారు.

నేను మా ఊరు గంగారం నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆమె దగ్గరికి ఇంటర్వ్యూకి వెళ్లాను. అప్పటికే హైదరాబాదులో ఎన్నో చోట్ల తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. ఒకచోట నేను మాట్లాడే తీరుకు ముసిముసిగా నవ్వారు. ఆ తర్వాత ప్రతి మాటనూ నోట్లోనే దిద్దుకుని బయటపెట్టడం అలవాటైంది. నేను దిద్దుకునేలోపు వాళ్లు ఇంకొకరిని పిలిచేవారు.

రాజక్క నన్నూ, నాతోపాటు వచ్చిన ఇంకో అబ్బాయినీ చెరొక కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెరమీద కొన్ని యంత్రాల పేర్లు, ఒకదాని పక్కన ఎర్ర గుర్తు. "గీ మిషన్ మొరాయిస్తున్నది. ఏమైందో జర చూడుండ్రి" అంది. కొంతసేపటికే ఆ అబ్బాయి తెర పచ్చగా మారిపోయింది. నాది ఎర్రగానే ఉంది.

ఆమె వచ్చి నా వెనక నిలబడింది. "ఏంది బిడ్డా, దొరికిందా?"

"లేదు మేడమ్. డిస్క్ నిండలే. నెట్‌వర్క్ మంచిగనే ఉన్నది. ఇంక ఎక్కడ చూడాల్నో తెలుస్తలేదు."

"మంచిది. సోమవారం నుంచి రా. మేడమ్ గిట్ల వద్దు, అక్కా అను" అంది.

నమ్మలేక ఆమె ముఖంలోకి చూశాను. ఆ అబ్బాయి లోపాన్ని సరిచేయలేదని, హెచ్చరికను మాత్రం ఆపేశాడని అప్పుడు చెప్పింది. "ఎరుపు పోయింది గని రోగం పోలే. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్. కడమది నేను నేర్పుత." ఆ అబ్బాయినీ ఊరికే పంపలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ పొరపడ్డాడో ఓపిగ్గా చూపించి, టీ తాగించి పంపింది.

భూపాలపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి పని మా ఆఫీసుకు పెద్ద ఆధారంగా ఉండేది. అక్కడి పాత సర్వరు ఆగిపోయే స్థితికి వచ్చింది, మార్చమని మేము చెబుతూనే ఉన్నాం. ఒకరోజు అక్కడి మేనేజరు ఫోన్ చేశాడు. "పెద్దలు చూడనీకి వస్తున్నరు మేడమ్. ఆ ఎర్ర గుర్తులు కనబడకుంట చెయ్యిండ్రి" అన్నాడు.

రాజక్క మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడడం విన్నాను. "దాచిపెట్టుడు నిమిషం పని సార్. గని రేపు అది ఆగితే, దవాఖానల పండుకున్న మనిషి రిపోర్టు ఎవరు తీసిస్తరు? నాతోని కాదు."

ఆ పని పోయింది. చిన్న చిన్న పనులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చినా చివరికి ఆఫీసు మూసేయక తప్పలేదు. మూసే ముందు మా అందరికీ ఉద్యోగాలు చూసిపెట్టేదాకా ఆమె ఊరుకోలేదు. పాత స్నేహితులందరికీ తనే ఫోన్లు చేసింది. నా వీడియో ఇంటర్వ్యూ రోజున కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని, మొదలయ్యే ముందు నా భుజం తట్టింది. "నీ మాట నువ్వు మాట్లాడు స్వరూపా. సమజ్ కాకపోతే వాళ్లే మల్ల అడుగుతరు." ఆ రోజు నేను ఏ మాటా దిద్దుకోలేదు. ఉద్యోగం వచ్చింది.

చాలా ఏళ్లు గడిచాయి. మనుషులను ఎంచుకునే బాధ్యత నా మీద పడింది. ఇలాంటి హెచ్చరిక ప్రోగ్రాములే రాసేవాళ్లు మా బృందానికి కావాలని ప్రకటన ఇస్తే వచ్చిన దరఖాస్తుల్లో రాజక్కది కనిపించింది. ఆమె నా పాత యజమాని అని మా మేనేజరుకు ముందే చెప్పాను. అయితే ఇంటర్వ్యూలో తనూ కూర్చుంటానన్నాడు.

తెరమీద ఆమె కనిపించింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. "నమస్తే మేడమ్" అంది. తడబడుతూ ఒక తేలిక ప్రశ్న అడిగాను.

ఆమె నవ్వలేదు. "స్వరూపా, గిది కాలేజీ పిల్లలను అడిగేది. నా మీద జాలిపడకు. గట్టిది అడుగు."

అడిగాను. వందలాది హెచ్చరికలు ఒక్కసారి వచ్చిపడితే అసలు మూలం ఎక్కడుందో మేము వాడే కొత్త సాఫ్ట్‌వేరులో ఎలా పట్టుకుంటారని. "గది నేను ఇంకా ముట్టలే" అని ఒప్పుకుంది. ఆ తర్వాత, ఏది దేని మీద ఆధారపడి ఉందో, ఏది ముందు ఆగిందో చూసుకుంటూ తన దారి తాను వేసుకుంటూ వెళ్లింది. సగంలో ఆగి, "గిక్కడి నుంచి నాకు తెల్వది" అంది.

ఆమె వెళ్లాక మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "మనకు రాగానే పని అందుకునేవాళ్లు కావాలి కదా. ఈ వయసులో కొత్తవి నేర్చుకుంటారా?"

"నేర్చుకునేదాకా ఆమె పని కూడా నేను చూసుకుంటాను" అన్నాను. ఆమె చెప్పిన సగం జవాబును ఆయనకు మళ్లీ మొదటి నుంచి వివరించాను. తర్వాతి మెట్టు ఏమిటో చెప్పబోయి, ఆమె ఆగిన చోటే ఆయనా ఆగిపోయాడు. మర్నాడు సరేనన్నాడు.

రాజక్క చేరిన రోజు బృందంలోని ఒక అమ్మాయి, "మీ ఇద్దరికీ ముందే పరిచయమా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే రాజక్క అందుకుంది. "అవు బిడ్డా. నాకు గీ నౌకరి ఇచ్చింది గీమెనే." అంతే, అంతకుముందు సంగతులేవీ ఎత్తలేదు. ఆ రోజు సాయంత్రం నేనే వాళ్లందరికీ చెప్పాను.

ఇప్పుడు ఇంటర్వ్యూలలో నా వంటి యాసతో, నా వంటి భయంతో ఎవరైనా కనిపిస్తే మనసు కరుగుతుంది. అయినా తేలిక ప్రశ్న అడగను. కష్టమైనదే అడిగి, వాళ్లు తమకు తెలిసినంత మేర చెప్పి ఆగేదాకా గడియారం వైపు చూడకుండా కూర్చుంటాను.