పక్షుల దీవికి బదులు అత్తారిల్లు

ఎనభైల్లో నర్సీపట్నం నుంచి చిలికా సరస్సుకి వెళ్ళాం. పొద్దుగూకేలోగా పక్షుల దీవి చూపిస్తానని గైడు ఒట్టేసి మరీ పడవ ఎక్కించాడు. నేను వెళ్ళిందే ఆ పక్షుల కోసం. దారిలో ఒక జాలరిపల్లె దగ్గర పడవ ఆపి, "ఇది మా అత్తోరి ఊరండి" అన్నాడు సిగ్గుపడుతూ. మేం యాత్రికులం కాదు, అల్లుడుగారి వెంట వచ్చిన పరివారమని అప్పుడు తెలిసింది.

ఒడిశా అయినా ఆ పల్లెలో అందరిదీ మన తెలుగే. అత్తగారు ఒడ్డుకే ఎదురొచ్చింది.

"పొద్దుపోతోంది, మీ అల్లుణ్ణి వదలండమ్మా" అన్నాను.

"ఏటి బాబూ, అల్లుడు గుమ్మందాకా వొచ్చి తినకుండా ఎల్పోతే ఊరు ఏటనుకుంటాది? పచ్చులెక్కడికి పోతాయి, మళ్ళీ యేడూ వొత్తాయి. మీరూ రండి, బేగి వడ్డించేత్తాను."

మా ఆవిడతో సహా పడవంతా ఖాళీ అయింది. నేను మాత్రం దిగలేదు. రొయ్యల కూర వాసన నా దాకా వచ్చింది. వాళ్ళు తేన్చుకుంటూ తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

ఆ కూర చెయ్యడం మా ఆవిడ అక్కడే నేర్చుకుంది. అది వండిన రోజు నేను ఇప్పటికీ చారన్నమే తింటాను.

"రొయ్యలేటి సేసాయండీ మిమ్మల్ని?" అంటుంది.

రొయ్యలతో నాకు తగువు లేదు. ఇప్పుడు తింటే ఆ అల్లుడు గెలిచినట్టే.