చెవుల మాస్టర్ ఇంటి చికెన్

మా బావ చేతి చికెన్ తినని మనిషి ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. ఎర్రదీపాల బోర్డున్న షాపులో, జనం వరస కట్టే ముందు వైపు కాదు, వెనక గోడకి ఆనుకుని ఉన్న నూనె తొట్టెల దగ్గర ఆయన జీవితమంతా గడిచిపోయింది. అమ్మా నాన్నా పోయాక అక్క నన్ను తన దగ్గరికి తెచ్చేసుకుంది. సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పాడంటే గది గదంతా ఆ నూనె వాసనే. ఆ వాసనలో పెరిగీ పెరిగీ నాకు కోడి మీదే విరక్తి పుట్టింది. అక్కకి మాత్రం ఆ చికెనంటే ప్రాణం. ఒక కడుపునే పుట్టాం గానీ నాలుకలు మాత్రం వేరు.

షాపులో ఆయన్ని చెవుల మాస్టర్ అనేవాళ్లు. ముక్కలు ఎప్పుడు తీయాలో చెప్పడానికి తొట్టెకి మోగే గంట ఒకటి ఉండేది. ఈయన దాన్ని పట్టించుకుంటేగా! ముక్క నూనెలో పడగానే గోలగోలగా అరుస్తుందట, లోపలి తడి ఆరేకొద్దీ గోల తగ్గి సన్నగా గొణుగుతుందట, ఆ గొణుగుడు మొదలవగానే బుట్ట పైకి లేపాలట. ఇటు తిరిగి ముక్కలకి పిండి పట్టిస్తూనే అటు ఒక చెవి వేసి ఉంచేవాడు. ఇంట్లో మనం చెప్పేది మాత్రం ఒక్క ముక్క ఆ చెవికి ఎక్కేది కాదు.

"దేవుడు నీ చెవులు కోళ్ల కోసమే పెట్టాడు బావా" అనేదాన్ని.

"మనుషుల కంటే కోళ్లే నయం మరదలా. చచ్చాకే గోల చేస్తాయి" అనేవాడు.

ముంజేతుల నిండా కాలిన మచ్చలు. చేతుల మీద వెంట్రుక అన్నది మొలిచి ఎరగదు. అంత పనిమంతుడు ఇంట్లో పొయ్యి వెలిగించింది లేదు. రోజంతా పొయ్యి ముందే చచ్చాను, ఇంటికొచ్చి కూడానా అనేవాడు. అక్క కూడా ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిందని నేను ఇప్పటికీ అంటాను.

ఆయన పని మానేసి ఇంటి పట్టున ఉండటం మొదలయ్యాకే అక్కకి ఆయాసం వచ్చింది. మెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని దిళ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. గుండె బలం తగ్గిందన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ ఓపికస్తురాలు. నూనె తగ్గించండి, ఉప్పు దాదాపు మానేయండి, ఒంట్లో నీరు చేరిందంటే గుండె మోయలేదు అని మా ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది. అలాగని తిండి మానకూడదు, ఒంట్లో కండ ఉండాలి అని కూడా చెప్పింది.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఉప్పులేని సూపు, ఉడికించిన కూరగాయలు, ఉడికించిన కోడి. ఏది పెట్టినా అక్కకి ముద్ద దిగేది కాదు. ఒక చెంచా నోట్లో పెట్టుకోవడం, కళ్లు మూసుకోవడం, పళ్లెం పక్కకి తోసేయడం. నేను బతిమాలాను, తిట్టాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నువ్వు తిని చూడవే ముందు" అనేది. గిన్నెలు కడుగుతుంటే అక్క వేలి ఉంగరం జారి సబ్బునీళ్లలో పడిపోయింది ఒకరోజు. అంతలా చిక్కిపోయింది మనిషి.

తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ బావని పక్కకి పిలిచి, ఇలాగే తినకుండా ఉంటే మందులు పనిచేసే లోపే మనిషి మిగలదండీ అంది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు.

"షాపు చికెన్ ఇంట్లో చేస్తాను. నూనె చుక్క లేకుండా" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. ఆయన మొహం చూసి మింగేశాను.

ఓవెన్ ఒకటి తెచ్చాడు. మొదటిరోజు దానితో పెద్ద యుద్ధమే జరిగింది. తలుపు తీయడం, చెవి దగ్గర పెట్టడం, మూయడం, మళ్లీ తీయడం. ఉన్న వేడంతా బయటికి పోయి వంటిల్లు ఉడికింది గానీ కోడి ఉడకలేదు. పైన పిండి సున్నంలా తెల్లగా ఉంది, లోపల నెత్తురు.

"ఇది మాట్లాడదేంటి?" అన్నాడు చిరాగ్గా.

"అది ఓవెన్ బావా, నీ మరదలు కాదు" అన్నాను.

మర్నాడు భయపడి ఎక్కువసేపు ఉంచాడు. వచ్చింది చెప్పు అట్టలా వచ్చింది. వీధి కుక్కకి వేస్తే అది వాసన చూసి నా మొహం వంక చూసింది. అయినా వదల్లేదు, మొండి ఘటం. ముక్కకి గుచ్చి వేడి చూసే పుల్ల కొన్నాడు. జీవితంలో గంట మాట వినని మనిషి ఆ పుల్ల మాట విన్నాడు. తోలు తీసేసి తొడ ముక్కలు మాత్రమే తీసుకునేవాడు. పెరుగులో మిరియాలు, వెల్లుల్లి, కాస్త ఎర్రకారం కలిపి పట్టించేవాడు. నూనె లేకపోతే పచ్చిపిండి ఎర్రబడదని తెలుసుకుని, ఎండు రొట్టె పొడిని ముందే వట్టి మూకుడులో ఎర్రగా వేయించి దాన్ని అద్దేవాడు. ముక్కల్ని పళ్లెంలో కాకుండా తీగల జల్లెడ మీద పేర్చితే అడుగు మెత్తబడదని కూడా తనంతట తనే కనిపెట్టాడు. కనిపెట్టిన ప్రతిసారీ నన్ను కుట్టుమిషన్ మీంచి లేపి మరీ చూపించేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరికి ఒక మధ్యాహ్నం అక్క ముందు పళ్లెం పెట్టి, తాను తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్క కొరికింది. కరకరమన్న చప్పుడు నాక్కూడా వినబడింది. తలుపు సందులోంచి చూస్తే బావ కళ్లు మూసుకుని వింటున్నాడు. అక్క ఎముక దాకా తినేసి వేళ్లు నాకింది. నేను ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి.

ఆ తర్వాత ఇంట్లో పండగే. రొట్టెల మధ్య పెట్టుకునే చికెన్ బిళ్లలు చేశాడు, కొరుక్కుతినే చిన్న చిన్న ముక్కలు చేశాడు, షాపులో అమ్మేవన్నీ ఒక్కొక్కటే ఓవెన్‌లోంచి బయటికి వచ్చాయి. అక్క బుగ్గలు నిండాయి. ఎదురింటావిడ, "మీ అక్క తేరుకుంది" అంది. నేనూ అలాగే అనుకున్నాను. తీరా ఒకరోజు స్నానానికి వెళ్లబోతూ అక్క మేజోళ్లు విప్పుతుంటే చూశాను. ఎండాకాలంలో మేజోళ్లేమిటని అప్పటికే ఒకసారి అడిగాను, కాళ్లు చల్లబడుతున్నాయంది. మేజోడు అంచు పడ్డ చోట వేలు దూరేంత గాడి. పాదాలు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. ఆ వారంలోనే ఊపిరి అందక నోరు తెరిచి పీలుస్తుంటే ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఒంటినిండా నీరు చేరింది. ముక్కుకి గొట్టం, చేతికి సూది. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఉప్పు ఎంత వేస్తున్నారు?"

"చిటికెడు కూడా వేయలేదమ్మా. ఉప్పు డబ్బా ఇంట్లోంచే తీసేశాను" అన్నాడు బావ.

అబద్ధం కాదు. ఆ డబ్బా ఎదురింటావిడకి ఇచ్చి వచ్చింది నేనే.

"ఎక్కడినుంచో వస్తోందండీ. వెతకండి. ఈసారి గట్టెక్కిస్తాం, ప్రతిసారీ మా చేతిలో ఉండదు" అంది ఆవిడ.

వెతికాను. మసాలా పొట్లాల మీద రాసింది కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. రొట్టెల్ని అనుమానించి బేకరీవాడితో గొడవ పెట్టుకున్నాను. ఏమీ తేలలేదు. అక్క కోలుకుని రేపు ఇంటికి వస్తుందనగా వంటింట్లోకి వెళితే, బావ పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ముక్కలు వేస్తున్నాడు. సింకు కింద సబ్బు పొడి పక్కన ఉన్న సంచిలోంచి గుప్పెట్లతో ఏదో తీసి అందులో వేసి కలిపాడు.

"అదేంటి బావా?"

"నానబెడుతున్నా. రాత్రంతా నానితేనే ముక్క మెత్తగా ఉంటుంది."

సంచిలో చెయ్యి పెట్టి నాలుక మీద వేసుకున్నాను. రాళ్ల ఉప్పు.

అప్పుడు నేను ఏమన్నానో ఇక్కడ చెప్పలేను. ఆయన నా వంక అయోమయంగా చూశాడు. "అది వంటలో వేసేది కాదే. కడగడానికి. ఆ నీళ్లు పారబోస్తాం కదా" అన్నాడు.

ఆ మాట వెనక ఆయన బతుకంతా ఉంది. షాపులో ముక్కలు నానబెట్టే పని కడిగేవాళ్లది. సబ్బూ చీపుర్లూ ఉండే గదిలోనే ఆ ఉప్పు బస్తాలూ ఉండేవి. వాళ్లు నానబెట్టి, వడకట్టి తెచ్చి ఇస్తే అక్కడినుంచి ఈయన పని మొదలు. ఈయన లెక్కలో ఉప్పు వేయడమంటే, వేగిన ముక్కల మీద ముందు గదివాళ్లు చల్లేది. ఆ చల్లడం మానేశాడు కాబట్టి ఉప్పు మానేసినట్టే. ముక్క రాత్రంతా తాగిన ఉప్పు ముక్కలోనే ఉంటుందని ఆయనకి తట్టనే లేదు. రుచి చూసేవాడు కూడా. ఒక జీవితకాలం షాపు ఉప్పు తిన్న నాలుకకి అది చప్పగానే అనిపించింది. నేనైతే ముట్టనే ముట్టను.

అర్థమయ్యేసరికి సింకు పక్కన నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. "నా చేత్తోనే పెట్టానే" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మకి తనే చెప్పాడు, ఏదీ దాచుకోలేదు. ఆవిడ కసరలేదు, తెలిసింది కదా, ఇక మానేయండి అంది. తర్వాత అక్క మంచం దగ్గరికి వెళ్లి తల వంచుకుని అంతా మళ్లీ చెప్పాడు. అక్క ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసండీ" అంది.

"తెలుసా?"

"నోట్లో పెట్టుకుంటే ఉప్పు తెలియదా? మొదటిరోజే తెలిసింది."

నేను గయ్యిమన్నాను. "తెలిసి తిన్నావా? మేజోళ్లు వేసుకుని మరీ తిన్నావా? బుద్ధుందా నీకు? మేమేమైపోవాలి?"

అక్క నా వంక చూడలేదు. బావతోనే అంది. "చెబితే మానేసేవారు కదా. ఇన్నేళ్లూ షాపు మూశాక మిగిలినవి పొట్లం కట్టి తెచ్చేవారు. చల్లారిపోయి ఉండేవి. మీరు వేడివేడిగా నా కోసమని వండింది ఇప్పుడే. ఆ తలుపు వెనక నిలబడి ఉంటారు చూడండీ, ఉప్పు ఉందని ఎలా చెప్పను?"

ఆయన గుక్కపట్టి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. పక్క మంచం వాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు. "నాకు నువ్వు కావాలే. చికెన్ బాగుందన్న మాట నాకొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చాక ఇక వండనంటే వండనని కూర్చున్నాడు. ఓవెన్ తీగ పీకేసి గోడ వైపు తిప్పేశాడు. అక్కేమో నేను పెట్టిన సూపు మళ్లీ పక్కకి తోసేసింది. రెండు రోజులు చూశాను. మూడోరోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరికీ వినబడేలా అరిచాను. "నీ ఏడుపు నువ్వు ఏడువు బావా, కాదన్నదెవరు? ఏడుస్తూనే వండు. తప్పు చేసినవాడివి, దిద్దుకునే పని నా మీద పెట్టి కూర్చుంటే ఎలా? అక్క అక్కడ ఎండిపోతోంది." ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకున్నాయి. తెరుచుకోనీ.

ఆయన లేచాడు. నానబెట్టలేదు. నిమ్మరసం పిండాడు, మిరియాలు కాస్త ఎక్కువ దంచాడు, రొట్టె పొడి బదులు ఉప్పులేని ఓట్స్ వేయించి అద్దాడు. బయటికి తీశాక ఒక ముక్క తుంచి తిన్నాడు, ఆయన మొహం మాడిపోయింది. అయినా పళ్లెం తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఈసారి తలుపు వెనక్కి వెళ్లలేదు, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అక్క కొరికింది. చాలాసేపు నమిలింది.

"బాగాలేదండీ" అంది.

"తెలుసు" అన్నాడు బావ.

"అస్సలు బాగాలేదు."

"అవును."

అక్క మంచినీళ్లు ఒక గుక్క తాగి, ఆ ముక్క మొత్తం తినేసి, పళ్లెం ఆయన వైపు జరిపింది.

"ఇంకొకటి వేయండి."