రెండు ఎడమ రెక్కలు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఉండేది కాదు. అంటే పనులన్నీ వచ్చని కాదు, ఎవరు ఏది అడిగినా "వచ్చు సార్" అనడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. కరోనా మొదటి విడత కాస్త సద్దుమణిగి, మూతులకు మాస్కులు ఇంకా ఉన్న కాలం. చేతిలో మెకానికల్ డిప్లొమా, పాస్‌పోర్టులో విజిట్ వీసా పెట్టుకుని కాకినాడ నుంచి వచ్చి దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో మా అక్క ఇంట్లో దిగాను. అక్క ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. బావగారు సజ్జా అనే పారిశ్రామిక వాడలో అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవారు. వాళ్ల ఒంటి పడకగది ఫ్లాట్‌లో హాల్లోని సోఫా నా నివాసం. ఆ సోఫా మీద కూర్చుని ఊరందరికీ దరఖాస్తులు పంపాను. (ఒక్క చోటు నుంచి జవాబొచ్చింది. అదీ నా ఫొటో తలకిందులుగా ఉందని చెప్పడానికి.)

వీసా నాలుగు వారాల్లో అయిపోతుందనగా, ఒక సాయంత్రం బావగారు నా అంత పొడవున్న అట్టపెట్టె మోసుకొచ్చి సోఫా మీద పడేశారు. "బామ్మర్దీ, నీ ఉద్యోగం ఇందులో ఉంది," అన్నారు. తెరిచి చూస్తే సన్నటి చెక్కపుల్లలు, బొంగరమంత చక్రాలు, నాలుగు చిన్న మోటార్లు, దుప్పటంత నక్షా. సంగతేమిటంటే, ఫ్యాక్టరీ మేనేజరుకి, అందరూ ముదీర్ అని పిలిచే పెద్దాయనకి, రిమోట్ విమానాలు ఎగరేయడం పిచ్చి. ప్రతి శుక్రవారం క్లబ్బు మైదానానికి పోతాడు. ఆయనకిప్పుడు పాతకాలం నాటి విమానం మీద మోజు పుట్టింది. ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల రెక్కలు, చెక్క అస్థిపంజరం, పైన గుడ్డ తొడుగు. సామానైతే తెప్పించుకున్నాడు గానీ అంత సన్న పనికి ఆయన కళ్లు సహకరించడం లేదు. టీ తాగుతూ ఆ మాట అంటే, పక్కనే ఉన్న మా బావగారు, "మా బామ్మర్ది ఇండియాలో ఇలాంటివి బోలెడు చేశాడు ముదీర్," అని చెప్పేశారు.

"నేనెప్పుడు చేశాను బావగారూ?"

"ఇది చేశాక చేసినవాడివే కదా! ఎగిరితే ఉద్యోగం ఇస్తానన్నాడు. యల్లా, మొదలెట్టు."

మొదటి రోజే నా బొటనవేలూ చూపుడువేలూ రెక్క పక్కటెముకకి అతుక్కుపోయాయి. ఆ జిగురు నీళ్లలా ఉంటుంది, అంటించమన్న చోట అంటదు, వద్దన్న చోట ప్రాణం పోయినా వదలదు. అక్క డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను ఆ పక్కటెముకతోనే అన్నం తిన్నాను. ఆవిడ గోళ్ల రంగు తుడిచే మందు పోసి విడదీస్తూ, "ఇల్లా ఇది, కార్ఖానానా? వార్డులో వాసనలు చాలవనా నాకు?" అంది. బావగారు నక్షా మీద వేలు ఆడిస్తూ, "ఇదిగో ఇక్కడ కొయ్యాలి" అనడమే తప్ప ఒక్క పుల్లా కొయ్యలేదు. (ఆయన గీసే మనిషి, కోసే మనిషి కాదట.) వారం తిరిగేసరికి నేను కింది అంతస్తు రెక్కలు రెండూ పూర్తి చేశాను. ఎంత బాగా కుదిరాయో! రెంటినీ నేల మీద పక్కపక్కన పెట్టి దూరం నుంచి చూసుకుని మురిసిపోతుంటే, బావగారు తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ వాల్చి, "ఒరేయ్, రెండూ ఎడమవే కదరా," అన్నారు.

నిజమే. రెండు ఎడమ రెక్కలు. ఒక కాలికి రెండు చెప్పులు కుట్టినట్టు. "పోనీ ఒకదాన్ని తిప్పి పెడితే?" అని బావగారి సలహా. తిప్పితే కడుపు పైకి, వీపు కిందికి వస్తుంది. "బావగారూ, సగం విమానం పైకి, సగం కిందికి పోతే ముదీర్ ఊరుకుంటారా?" అని అరిచాను. వంటింట్లోంచి అక్క, "ఇద్దరూ కిందికి పోండి, నాకు పడుకోడానికి చోటన్నా మిగుల్తుంది," అంది. రెండో దాన్ని విప్పబోతే జిగురు వదల్లేదు. మళ్లీ చెక్క కొని, మళ్లీ కోసి, కుడి రెక్క చేశాను. దాని మీద గుడ్డ పరిచి బిగుతుగా లాగడానికి ఇస్త్రీపెట్టె కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, అది అక్క యూనిఫారానిది. మర్నాడు ఆవిడ తెల్ల కోటు మీద విమానం పసుపు రంగు త్రికోణంగా దిగింది. "ప్రభువా, ఈ ఇద్దరితో నాకెందుకయ్యా ఈ పరీక్ష!" అని మా అక్క ప్రార్థన చేయడం గోడ అవతలి పంజాబీ వాళ్లకి కూడా వినిపించింది.

ఆ పసుపుపచ్చ విమానం పూర్తయి, రేపు శుక్రవారం ఎగరాలనగా, రెక్కలు ఆరడానికి సోఫా మీద పరిచి నేను స్నానానికి వెళ్లాను. అక్క పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చింది. ఎండ పడకూడదని కర్టెన్లు మూసి ఉన్నాయి. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి, లైటు కూడా వెయ్యకుండా తన సోఫాలో తను కూర్చుంది. ఫటక్ మన్న చప్పుడు నాకు షవర్ కింద వినిపించింది.

నేను ఏడవడం ఒక్కటే తక్కువ. "అక్కా, నా ఉద్యోగం మీద కూర్చున్నావు," అన్నాను. అంతసేపూ అరవని అక్క అప్పుడు అరిచింది. "ఇది నా ఇల్లు! నా సోఫా! ఇరవై రోజుల్నుంచి చెక్కపొట్టు తింటున్నాను, ఒక్కమాటన్నానా?" (రోజుకి వంద మాటలన్నది. కానీ అది చెప్పే సమయం కాదు.) బావగారు విరిగిన రెక్కని ఎత్తి పట్టుకుని, "ఖలాస్," అన్నారు. అంతే, అక్క ఆ రెక్కని ఆయన చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టింది. విరిగిన చోట గుడ్డ కత్తిరించి, లోపల వేలితో తడిమి చూసింది. "శుభ్రంగా విరిగింది, ముక్కలవలేదు," అని తనలో తను అనుకుని, సంచిలోంచి నాలుక నొక్కి గొంతు చూసే చెక్కపుల్లలు రెండు తీసి, విరిగిన చోటికి ఇటూ అటూ పెట్టి, గాజుగుడ్డ చుట్టి, దాని మీద సిరంజితో చుక్క చుక్క జిగురు పోసింది. పావుగంట. ఆ పావుగంటా మేమిద్దరం రోగి తాలూకు బంధువుల్లా గోడకి ఆనుకుని నిలబడ్డాం. "సాయంత్రం దాకా కదపకండి," అని చెప్పి వెళ్లి పడుకుంది. చీకటి పడ్డాక నేను ఆ కట్టు మీద మళ్లీ పసుపు గుడ్డ తొడిగాను.

శుక్రవారం పొద్దున మైదానానికి ముగ్గురం వెళ్లాం. అక్క కూడా ఎందుకొచ్చిందంటే, "నేను కట్టిన కట్టు నేను చూసుకోవాలి," అంది. ముదీర్ చీలమండల దాకా ఉండే తెల్లటి కందూరాలో, నెత్తిన టోపీతో సిద్ధంగా ఉన్నాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, "మాషా అల్లా," అన్నాడు. "సబ్ చెక్ కియా?" అని అడిగితే, బావగారు నాకన్నా ముందే, "కియా ముదీర్," అన్నారు. చెక్ చేసిన మాట నిజమే. రిమోట్ నొక్కితే తోక కదులుతోంది. ఎటు కదులుతోందో మాత్రం ఇద్దరిలో ఎవరం చూడలేదు.

విమానం ఇసుక లేపుకుంటూ పరుగెత్తి పైకి లేచింది. దేవుడి సాక్షిగా లేచింది! నా చేతుల్తో అంటించిన పుల్లలు ఆకాశంలో ఎండకి మెరుస్తుంటే నా కాళ్లు నేల మీద లేవు. ముదీర్ ఎడమకి తిప్పాడు, అది కుడికి పోయింది. కుడికి తిప్పాడు, ఎడమకి పోయింది. తోకని తిప్పే కమ్మీని నేను మోటారుకి అవతలి వైపు తగిలించాను మరి. "యే క్యా హై? బోలో లెఫ్ట్, జాతా రైట్! బిల్కుల్ మేరా ఫ్యాక్టరీ!" అని, అచ్చం తన ఫ్యాక్టరీలాగే ఉందని ముదీర్ కేకలు. నేను విమానం కిందే, మొహం పైకెత్తి, దాన్ని చేతుల్తో పట్టుకుంటానన్నట్టు పరుగెత్తాను. చెప్పులెక్కడ ఊడాయో తెలియదు. అది నన్ను దాటి, ముక్కు వంచి, ముళ్లపొద పక్క ఇసుకలో దిగబడింది.

ముక్కు పోయింది, చక్రాలు పోయాయి, మూడు రెక్కలు పుల్లలైపోయాయి. ముదీర్ వంగి, మిగిలిన నాలుగో రెక్క తీశాడు. గుడ్డ చిరిగి, లోపల గాజుగుడ్డ కట్టు కనిపిస్తోంది. దాన్ని రెండు చేతుల్తో వంచబోయాడు, వంగలేదు. "యే జోడ్ కిస్నే కియా?" అన్నాడు, ఈ అతుకు ఎవరు వేశారని. బావగారు ఊపిరి కూడా తీసుకోకుండా, "మా బామ్మర్ది స్పెషల్ టెక్నిక్ ముదీర్!" అన్నారు.

ఎక్కడ నుంచి వచ్చిందో ఆ విసుగు, ఇరవై రోజులదీ ఒక్కసారే వచ్చింది. "చాలు బావగారూ!" అని తెలుగులో అరిచి, ఆ తర్వాత నాకొచ్చిన ముప్పై హిందీ మాటల్లో మొత్తం చెప్పేశాను. జీవితంలో విమానం చెయ్యలేదని, తోక కమ్మీ తప్పు నాదేనని, మొదట రెండు ఎడమ రెక్కలు చేశానని, ఆ ఒక్క అతుకు మాత్రం నాది కాదని. ముదీర్ మా అక్క వైపు తిరిగాడు. అక్క మాస్కు సర్దుకుని, "మై కియా. హడ్డీ కా కామ్ హై మేరా," అంది. ఎముకలు అతకడమే నా పని అని. ఆయన ఆ రెక్కని చంకలో పెట్టుకుని కారెక్కి పోయాడు. తిరుగు ప్రయాణంలో బావగారు ఒకే మాటన్నారు, "నీకు హిందీ ఇంత వచ్చని తెలీదురా."

పెట్టె సర్దుకున్నాను. సోమవారం ఫ్యాక్టరీకి రమ్మని ఫోనొచ్చింది. విమానం ఖరీదు కట్టమంటాడనుకుంటూనే వెళ్లాను. ముదీర్ చెప్పింది బావగారు నాకు తెలుగులో చెప్పారు. "వర్క్‌షాపులో వీడి చేతికి సుత్తి కూడా ఇవ్వొద్దు. స్టోర్‌లో కూర్చోబెట్టండి. ఉన్నది ఉందనీ, లేనిది లేదనీ చెప్పేవాడు నాకు అక్కడ ఇంతవరకూ దొరకలేదు." అలా నాకు వీసా మారింది. అక్క సోఫా అక్కకి దక్కింది.

ఇప్పుడు నేను ఆ స్టోర్‌కే పెద్దని. పొట్ట కాస్త వచ్చింది. పోయిన చలికాలం ఒక పని మీద ఆ మైదానం పక్కనుంచి వెళ్తుంటే, ఎవరిదో ఎర్ర విమానం పైన చక్కర్లు కొడుతోంది. కారు పక్కకి తీసి ఆపాను. దిగుదామనుకున్నాను గానీ ఎండ, ఇసుక, మొన్నే కొన్న బూట్లు. ఏసీ ఆపకుండానే అద్దం దించి, అది దిగేదాకా చూశాను. ఆ ఇసుకలోనే అప్పట్లో ఒకడు మండే కాళ్లతో, ఆకాశంలో పోయేదాన్ని చేతుల్తో పట్టుకోవచ్చనుకుని పరుగెత్తాడు. వాడి తెలివితక్కువతనానికి నవ్వొచ్చింది. ఆ పరుగు మాత్రం ఇప్పుడు నా వల్ల కాదు.