ఒక్కని కోసం హాజరు పిలిచిన సారు

నాకు రష్యన్ భాష చెప్పిన సారు పోయిన్రు. ఆలేరు నుంచి సారు పక్కింటాయన రాసిన కార్డు, చావు కబురుకు చింపినట్టు, మూల చింపి ఉన్నది. చదవకముందే సంగతి తెలిసింది. అచ్చంపేట దాటి మా ఊరి బడికి ఆ కార్డు చేరేసరికే తొమ్మిది దినాలైంది. ఇగ పోయి చూసేదేముంది? పిల్లలను ఎక్కాలు చదవమని చెప్పి, కార్డు జేబుల పెట్టుకొని బడి వెనక కాసేపు నిలబడ్డ. ఈ చుట్టుపక్కల ఎవ్వలకూ ఆయన తెల్వదు. ఎవ్వలకని చెప్పుకోవాలె? అందుకే మీకు చెప్తున్న.

పదేండ్ల కింద హైదరాబాదుకు చదువుకు పోయిన. హాస్టల్ల నేను నోరు తెరిస్తే నవ్వు. ‘గిట్ల’ అంటే నవ్వు, ‘జర జరుగు’ అంటే నవ్వు. నెల తిరిగేసరికి మాట్లాడుడే బంద్ జేసిన. ఉప్పు కావాలన్నా చెయ్యి చూపెట్టేటోణ్ణి. సాయంత్రం పూట రష్యన్ తరగతి అని నోటీసు బోర్డు మీద చూసి, ఆ భాష మీద ప్రేమతోని చేరలె. ఆ రెండు గంటలు హాస్టల్ల ఉండే పని తప్పుతదని చేరిన.

మొదటి దినం పద్నాలుగు మందిమి. సారు ధోవతి మీద కోటు తొడుక్కొని వచ్చిన్రు. ఢిల్లీల కొన్నేండ్లు ఉండి ఆ భాష నేర్చుకున్నాయన. ఇంగ్లీషు ‘పి’ లెక్క కనబడే అక్షరం రాసి, “గిది ర” అన్నరు. ‘హెచ్’ లెక్కది రాసి, “గిది న” అన్నరు. ఇంగ్లీషుల గడగడ మాట్లాడే పిలగాండ్లంత తడబడ్డరు. నేను మాత్రం సారు నోట్లె ‘గిది’ అన్న మాట కాడనే ఆగిపోయిన. అంత చదువుకున్నాయన, అంతమంది ముంగట!

“ఈ తరగతిల అందరం పాలు తాగే పిల్లలమే. ఎవ్వల మాటకు ఎవ్వలు నవ్వేది లేదు,” అన్నరు.

ఆ సాయంత్రం నేను నోరు తెరిచి గట్టిగ చదివిన.

దసరాకు ఆరుగురం మిగిలినం. చలికాలానికి నేనొక్కణ్ణే. అయినా సారు రిజిస్టరు తీసి పద్నాలుగు పేర్లూ పిలిచేటోళ్ళు. ఒక్కో పేరు కాడ తలెత్తి ఖాళీ బెంచీల దిక్కు చూసేటోళ్ళు. నా పేరు చివరిది. “హాజర్ సార్” అంటే, “మంచిది, మొదలువెడదాం” అనేటోళ్ళు. ఒక్కని కోసం తరగతి నడవదని ఆఫీసుల అన్నరట. “ఆ ఒక్కడు వచ్చినన్ని దినాలు నేనొస్త” అన్నరట సారు. సెలవుండే ఐతవారం ఐతవారం సారు ఆలేరుల తన ఇంటికి పోయొచ్చేటోళ్ళు. ఇంటికాడ ఎవ్వలుంటరు సార్ అని ఒకసారి అడిగిన. “ఎవ్వలు లేరు బిడ్డా. తాళం తీసి, జర గాలి ఆడనిచ్చి, మళ్ళ ఏసి వస్త” అన్నరు.

ఎండలు ముదరకముందే మా బాపు పోయిండు. పదిహేను దినాలకు తిరిగొచ్చిన, చదువు బంద్ జేస్తనని సారుకు చెప్పేటందుకు. సారు నా గుండు చూసిన్రు. “కూసో. నీ ఇంటి గురించి ఏదన్న రాయి” అన్నరు.

రష్యన్ల ‘మా బాపు రైతు’ అనాల్నంటే, మన తెలుగుల లెక్కనే, రెండు మాటల నడుమ ఇంకోటి అక్కర్లేదు. గడిచిపోయిన సంగతైతే మాత్రం ‘బిల్’ అని చేర్చాలె. ‘ఉండె’ అన్నట్టు. మా బాయిల నీళ్ళుండె అని రాసిన. మాకు తెల్ల ఎడ్లుండె అని రాసిన. ఆఖరికి ‘మా బాపు రైతు’ అని రాసిన.

సారు ఎర్ర పెన్సిలు అక్కడ ఆగింది.

“గిది తప్పు,” అన్నరు.

“తెలుసు సార్.”

“ఉండనియ్యి.”

పెన్సిలు జేబుల పెట్టుకున్నరు. “బాపు పేరేంది?” అని అడిగిన్రు. చెప్పిన. ఇంకోసారి చెప్పమన్నరు. అప్పుడొచ్చింది ఏడుపు, ఇంటికాడ రాని ఏడుపు. చదువు బంద్ జేస్తనన్న మాట ఆ దినం నోట్లెనుంచి రాలె. తర్వాత కూడ రాలె.

పరీక్ష పాసైన. ఆ భాషతోని నౌకరీ దొరకలె, మా దిక్కు బడిపంతులునైన. నల్లమల అంచుకు రష్యన్ మాట్లాడేటోళ్ళు ఎవ్వలొస్తరు? నెలకొక కార్డు రష్యన్ల సారుకు రాసేది. సారు నా వాక్యాలే దిద్ది మళ్ళ రాసి పంపేటోళ్ళు, కింద తెలుగుల ఒక్క ముక్క: “తిన్నవా బిడ్డా?” ఇప్పుడు నాలో నేను ఆ భాషల ఏదన్న అనుకుంటే, అది తప్పని చెప్పేటోళ్ళు కూడ లేరు.

పోయిన ఎండకాలం సెలవులల్ల ఆలేరు పోయిన. సారు చిక్కిపోయిన్రు. తానే జొన్నరొట్టె చేసి పెట్టిన్రు. వద్దన్నా వినకుండ స్టేషన్ దాక వచ్చిన్రు. బండి కదిలినంక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, ఆగి, ఏదో చెప్పిన్రు. ఇంజను కూతల వినబడలె. “ఏంది సార్?” అని అరిచిన. మళ్ళ చెప్పిన్రు. పెదవులు కదులుతున్నయి, తెలుగో రష్యనో తెలుస్తలేదు. ప్లాట్‌ఫారం మీద ఇంకెవ్వలు లేరు. బండి వంపు తిరిగేదాక ఆయన చెప్తనే ఉన్నరు.