నా లక్రాస్ పట్టిక

ఈ రోజు పొద్దున ఇక్కడ మలేషియాలో, మా ఇపో ఊళ్లో డాక్టరు మా అమ్మాయి మోకాలి స్కాన్ చూసి, ఇక పరుగెత్తే ఆటలు వద్దన్నారు. అది ఆడేది లక్రాస్, వల కట్టిన కర్రతో బంతి పట్టి విసిరే ఆట. అమెరికాలో ఏ కాలేజీ నుంచి ఎక్కువమంది ప్రొఫెషనల్ ఆటగాళ్లు వచ్చారో వెతికి, రెండేళ్లుగా ప్రతి ఆదివారం స్కేలుతో గీతలు గీసి మరీ ఆటగాళ్ల పేర్లతో సహా ఒక నోట్‌బుక్‌లో రాశాను. అక్కడ చదివిస్తూ ఆడించాలని నా ఆశ.

ఇంటికొచ్చి ఆ నోట్‌బుక్ బీరువాలో పెట్టబోతే మా అమ్మాయి నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, ఇందులో ఉన్నోళ్లంతా మగోళ్లే. ఆడపిల్లల లిస్టు వేరే కదా."

"ఏటీ! నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే. నువ్వు అంత పొందిగ్గా రాస్తంటే సెప్పలేకపోయినాను."

డాక్టరు ముందు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఇన్ని ఆదివారాలూ నా పక్కన కూర్చుని, పేర్లన్నీ చదివించుకుని వింది మరి.

పట్టిక మొత్తం తప్పే. అయినా చింపబుద్ధి కాక బీరువాలోనే పెట్టాను. పిల్లల కోసం రాసుకుని, అక్కర తీరిపోయినవి మీ ఇళ్లలోనూ ఉన్నాయా? మీరేం చేశారు?