ఆదిలక్ష్మిగారి చేపల తలుపు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడు, జూలై నెలలో, రాజోలు వైపున్న ఒక ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్‌కి అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌గా చేరేను. మా డిపార్ట్‌మెంట్లో ఏటీఓ అంటారు. పేరులో ఆఫీసరు ఉంటుంది గాని చేతిలో ఉండేది ఉలీ, తోపడాయే. తోపడా అంటే చెక్కని చిత్రిక పట్టే పనిముట్టు. రిటైరయ్యేలోపు అదే నా ఆఖరి పోస్టింగు. చెక్కపని నేర్పే ఆడవాళ్ళు మా సర్వీసులో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉండేవాళ్ళం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. బడిపంతులైన మా నాన్నగారు మొదట్లో, పిల్లకి టైపు నేర్పిద్దామనుకుంటే రంపం పట్టుకుందేవిటి అని చర్చిలో అందరి దగ్గరా వాపోయేవారు. తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నేను చేసిన బీరువా చూపించాకే కాఫీ ఇప్పించేవారు.

నేను చేరిన నెలకే గోదావరి పొంగింది. ఏటిగట్టు పక్క ఊళ్ళన్నీ నీళ్ళలో నానేయి. నీళ్ళు తీసేక మా కోనసీమలో ప్రతి ఇంటా జరిగే తంతు ఒకటుంది. తలుపులు ఉబ్బిపోయి పడవు, మూసుకోవు. వెంటనే మేస్త్రిని పిలిచి అంచులు తోపడా పట్టించేస్తారు. ఆ పూటకి తలుపు హాయిగా పడుతుంది. వేసవికి చెక్క ఎండి ముడుచుకుంటుంది. అప్పుడు రెక్కల మధ్య సందులోంచి వీధిలో పోయేవాళ్ళందరూ కనిపిస్తారు. మళ్ళీ వరద, మళ్ళీ ఉబ్బు, మళ్ళీ తోపడా. ఇలా అరిగి అరిగి చివరికి ఆ టేకు తలుపుని వంటచెరుక్కి పడేసి, బజార్లో దొరికే రెడీమేడ్ తలుపు తెచ్చుకుంటారు. నాకైతే ఒళ్ళు మండేది.

మా ట్రేడ్‌లో అడ్మిషన్లు తగ్గిపోతున్నాయని, బయటివాళ్ళకి సాయంత్రం పూట ఒక చిన్న కోర్సు పెట్టమని ప్రిన్సిపాల్ గారు చెప్పేరు. ఇంటి మరమ్మతులు ఎవరికి వాళ్ళు చేసుకోవడం ఎలాగన్నది విషయం. మగవాళ్ళొస్తారని ఆయన అనుకున్నారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇల్లాళ్ళే. వాళ్ళలో ఒకావిడ ఆదిలక్ష్మిగారు. ఆవిడ భర్త రాంబాబుగారు బోటు మీద వేటకెళ్తారు. మొదటి రోజే ఆవిడ పాఠం మొదలెట్టనివ్వకుండా ఫోను తీసి ఒక ఫోటో చూపించింది.

వాళ్ళ వీధి తలుపు అది. రెండు రెక్కలది. రెక్కలు కలిసే చోట, రెండంచుల పొడవునా పైనుంచి కిందకి చేపల వరస చెక్కి ఉంది. తలుపు మూస్తే ఇటు చేప, అటు చేప మూతీ మూతీ ఆనించుకునేలాగ! ఆవిడ తండ్రి పడవలు కట్టే మేస్త్రి. కూతురు ఇల్లు కట్టుకున్నప్పుడు తన చేత్తో చేసిచ్చిన తలుపట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన కట్టిన పడవల్లో ఒక్కటీ మిగల్లేదు, ఈ తలుపొక్కటే మిగిలింది. వరద వచ్చినప్పుడల్లా పట్టిన చిత్రికకి చేపల మూతులు అప్పటికే చాలావరకు పోయేయి.

"ఈసారి చిత్రిక పడితే చేపల కళ్ళు పోతాయండీ మేడమ్ గారూ. ఆదివారం వీర్రాజు మేస్త్రిని రమ్మన్నారండి మా ఆయన" అంది.

ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళేను. వీర్రాజు మేస్త్రి అప్పటికే తోపడా సంచీలోంచి తీసి పెట్టుకున్నారు. ఆ ఇంటికి పాతకాపు ఆయన. ద్వారబంధం నిలబెట్టిన రోజున తాంబూలం పుచ్చుకున్నది వీర్రాజుగారి నాన్నగారే. మా వైపు ఆ పద్ధతి ఉంది, ఏ ఇంటి గుమ్మం ఏ మేస్త్రి నిలబెడితే దాని మంచీ చెడ్డా ఆ కుటుంబమే చూసుకోవాలి. పరాయి చెయ్యి పడితే వాళ్ళకి చిన్నతనం. అందుకని జాగ్రత్తగానే మాట్లాడేను. తలుపు ఇప్పుడు నీళ్ళు తాగి ఉబ్బి ఉందనీ, పెరిగింది చెక్క కాదు నీళ్ళేననీ, ఎండనిస్తే దానంతటదే తగ్గుతుందనీ చెప్పేను.

"చెక్కకి చెవులుండవు కదండీ మేడమ్ గారూ, మీరు చెబితే విని తగ్గడానికి" అన్నారు మేస్త్రి, ఎంతో మర్యాదగా.

రాంబాబుగారు పడీ పడీ నవ్వేరు. నాకు ఎక్కడో కాలింది. మాఘమాసానికి ఈ తలుపు పడకపోతే నేనే స్వయంగా తోపడా పడతాను, ఆ తర్వాత మా వర్క్‌షాపుకి తాళం వేసుకుని పోతాను అనేశాను. ప్రిన్సిపాల్ గారు వింటే గుండె ఆగి ఉండేది.

తలుపు ఊడదీసి వర్క్‌షాపులో ఆరబెడదామంటే, వీధి తలుపు లేకుండా ఇల్లు ఉంచకూడదన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. సరే అదీ నిజమే. మా కోర్సులో మొదటి పాఠం అలా కుదిరింది. ఆడవాళ్ళందరూ కలిసి మామిడి చెక్క బద్దలతో ఒక తాత్కాలిక తలుపు చేసేరు. మేకు వంకరపోయిందని ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే చేసేరు గాని, గట్టిగానే వచ్చింది. దాన్ని బిగించి, చేపల తలుపుని వర్క్‌షాపుకి తెచ్చేం. ఊళ్ళోవాళ్ళు రాంబాబుగారిని ఆపి, "ఏవండీ, తలుపుని ఆస్పత్రిలో చేర్పించేరటగా, రొట్టె, పాలు పట్టుకెళ్తున్నారా?" అని అడిగేవారట.

తడి తలుపుని ఎండలో పెట్టకూడదు, ఒక పక్కే ఎండి వంగిపోతుంది. నీడలో, నాలుగు పక్కలా గాలి ఆడేలాగ ఇటికల మీద పరిచి, రెక్కకీ రెక్కకీ మధ్య బద్దలు పెట్టి, పైన బరువు ఉంచేం. ఎంత తగ్గిందో తెలియడానికి తేమ మీటరు అక్కర్లేదు. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడవుకి దాదాపు మారదు. కొబ్బరి ఈనె కూడా అంతే, అందుకే కొలతకి పనికొస్తుంది. గుమ్మంలో ఒక రెక్క పట్టే వెడల్పుకి ఎండు ఈనె కోసి ఆదిలక్ష్మిగారి చేతికిచ్చి, వారం వారం రెక్క మీద అడ్డంగా పెట్టి చూడమన్నాను. మొదటి రోజు రెక్క ఈనె కన్నా బొటనవేలు మందం ఎక్కువుంది.

కార్తీకంలో ముసురు పట్టింది. వారాలు గడిచినా కొలత మారలేదు. ఆవిడ ఈనె పెట్టి చూసి పక్కన పెట్టేసేది. వీర్రాజు మేస్త్రి సైకిలు మీద గేటు ముందు నుంచి పోతూ, "మాఘం వచ్చేస్తందండోయ్!" అని కేకేసేవారు. నేను పైకి నవ్వేదాన్ని గాని లోపల బెంగగానే ఉండేది. నా మాట పోతే పోయింది, ఆవిడకి ఆ చేపల కళ్ళు పోతాయి కదా.

ముసురు విడిచి, పొడిగాలి మొదలయ్యేక రెక్కలు దిగేయి. పుష్యం ముగిసేసరికి ఈనె కన్నా తగ్గేయి. ఇక్కడే అసలు పని మొదలైంది. ఇన్నేళ్ళు తోపడా పట్టినందువల్ల ఎండేక మధ్యలో వేలు దూరేంత సందు వచ్చింది. అందరూ ఆ సందులో బద్ద కొడతారు. మేం కొట్టలేదు. మడతబందులుండే వెనక అంచుకి, ఎవరికీ కనపడని చోట, టేకు బద్ద జిగురుతో అతికించేం. దాంతో రెక్కలు ముందుకి జరిగి చేపలు మళ్ళీ దగ్గరకొచ్చేయి. ఉబ్బుకి రూపాయి బిళ్ళ మందాన సందు మాత్రం వదిలేం. బద్ద కోసింది, చిత్రిక పట్టింది, అతికించింది అంతా ఆదిలక్ష్మిగారే. అతుకు మీద గోరుతో గీసినా జాడ తెలియలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి నేర్పేను, అంత శుభ్రమైన అతుకు చూసి చాలాకాలమైంది.

మేస్త్రి వచ్చి చూసి తల పట్టుకున్నారు. "పట్టేసే తలుపుకి ఇంకా చెక్క తగిలించేరాండీ! రేపు వరదకి గొడ్డలి పెట్టాలండీ బాబూ" అన్నారు.

అప్పుడు రెక్కని తలకిందులు చేసి దాని అడుగంచు చూపించేను. పచ్చి చెక్క. ఒక్క చుక్క రంగు లేదు. మన ఇళ్ళల్లో తలుపు బిగించాక రంగు వేస్తారు, కుంచె అడుగుకి వెళ్ళదు. అడ్డంగా కోసిన ఆ కొసల్లోంచే చెక్క నీళ్ళు తాగుతుంది. వరదొక్కటే కాదు, వారం వారం గడప కడిగి పసుపు రాసినప్పుడు జారే నీళ్ళు కూడా అక్కడికే చేరతాయి. ఆదిలక్ష్మిగారు బెదురుగా, "పసుపు మానెయ్యాలాండీ?" అంది. నేను చర్చికెళ్ళేదాన్ని, అలా అంటానేమోనని భయపడింది కాబోలు. శుభ్రంగా రాసుకోండి తల్లీ, తలుపుకే చెప్పులు తొడుగుదాం అన్నాను. అడుగుకీ, పై అంచుకీ నూనె పట్టించి, ఆరనిచ్చి, ప్రైమరూ రంగూ పూతలు పూతలుగా వేసేం. మాఘమాసంలో బిగించేం. ఒక్క వేలితో నెడితే పడింది. రాంబాబుగారు నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లు వేసేరు.

అయినా మేస్త్రి ఒప్పుకోలేదు. వరద రానివ్వండి అన్నారు. ఆ మాట న్యాయమే. నేనూ వరద కోసమే చూసేను.

మరుసటి ఏడు వర్షాకాలంలో నీళ్ళు వాళ్ళ మెట్లెక్కి గడప దాటి ఇంట్లోకొచ్చేయి. వాళ్ళందరూ గట్టు మీదున్న బడిలోకి వెళ్ళిపోయేరు. అప్పటికి నేను రిటైరై అమలాపురంలో ఉంటున్నాను. నీళ్ళు తీసిన రోజు పొద్దున్నే ఆదిలక్ష్మిగారి ఫోను. హలో అన్నాను. మాటకి బదులు గడియ లాగిన చప్పుడు, కిర్రుమనకుండా తలుపు తెరుచుకుని మళ్ళీ పడిన చప్పుడు, గడియ వేసిన చప్పుడు.

"ఇన్నారాండీ?" అంది.

విన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా, దాచడం దేనికి.

పక్క ఇళ్ళ ఫోటోలు తర్వాత పంపింది. ఆ వీధిలో మిగతా తలుపులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. వీర్రాజు మేస్త్రి ఇప్పుడు ఏ కొత్త తలుపైనా బిగించే ముందు తలకిందులు చేసి అడుక్కి పూత వేస్తున్నారట. ఎవరు నేర్పేరని అడిగితే, "ఆదిలక్ష్మిగారండీ" అంటారట. నా పేరు చెప్పలేదని నాకేమీ లోటు లేదు. నేర్పినది నా దగ్గర ఆగిపోకుండా ఊళ్ళోకి వెళ్ళిందంటే ఏటీఓ ఉద్యోగానికి అంతకన్నా ఏం కావాలి!

ఈ ఉదంతం నాకు నేర్పిందల్లా ఇదీ. తడిసిన చెక్క మీద తోపడా పెట్టకూడదు. ఎండేదాకా ఆగాలి, ఎవరు నవ్వినా సరే. ఆగేక కూడా ముందు తలుపు పాదం చూడాలి. తీసేసిన చెక్కని మళ్ళీ పెట్టడం చాలా కష్టం, చెక్కిన చెయ్యి లేనప్పుడు అసలు కుదరదు. ఆ చేపల మూతులు మేం తిరిగి తేలేకపోయేం. కళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి.